యాదక్క నోరు తిరగదు

"ఇంకొక్కసారి తప్పు చెప్పు," అన్నాడు జయకృష్ణ.

కల్పలత చేతిలో చీపురుంది. నిజానికి ఆమె హాలు ఊడుస్తోంది. ఊడుస్తున్న మనిషిని చూసి "అలాగే ఉండు, కదలకు, భలే నాచురల్‌గా ఉంది" అంటూ ఆయన ఫోన్ని మూడుకాళ్ళ స్టాండుకి తగిలించాడు. స్టవ్ మీద పప్పు మూడో విజిలుకి వచ్చింది. తొమ్మిదిన్నరకల్లా ఆమె తిరుమలగిరిలో పళ్ళ డాక్టరు గారి రిసెప్షన్ తలుపు తీయాలి.

"అడిదాస్," అంది.

"అబ్బ, అంత చప్పగా కాదు. ముందు ఓ 'ఏందీ' తగిలించు. కొంగు బొడ్లో దోపు. 'ఏందీ, గిది అడ్డిదాసా?' అను. కళ్ళు పెద్దవి చెయ్యి."

చేసింది. కళ్ళు పెద్దవి చేసి, నోరు వంకర తిప్పి, ఆయన అడిగినట్టే అంది. ఆయన పడీ పడీ నవ్వి, ఫోన్ని తన మొహం వైపు తిప్పుకుని, జుట్టు సవరించుకుని గొంతు మార్చాడు. "ఫ్రెండ్స్, మన యాదక్కకి మళ్ళీ నోరు తిరగలేదు. అడిదాస్ కాదు. అ-డీ-డస్. మధ్యలో 'డీ' ఒత్తాలి. రిపీట్ ఆఫ్టర్ మీ!"

వంటింట్లో పప్పు మాడిన వాసన వచ్చింది. దానికి మాత్రం రిపీట్ చేసేవాళ్ళెవరూ లేరు, తనే పరిగెత్తాలి.

'పలుకు విత్ జేకే' అని ఆయన ఛానెల్. విదేశీ కంపెనీల పేర్లు అమెరికావాళ్ళు ఎలా పలుకుతారో జనానికి నేర్పడం అందులో పని. బూట్లు, కార్లు, సెంట్లు, చాక్లెట్లు, ఏదైనా సరే. ముందు యాదక్క తప్పు పలుకుతుంది, తర్వాత జేకే సర్ దిద్దుతాడు. కాల్‌సెంటర్‌లో కొత్త పిల్లలకి అమెరికా యాస నేర్పే ఉద్యోగం పోయి, ఆయన సోఫాలో పడుకుని సీలింగు చూస్తున్న రోజుల్లో మొదలైందిది. ఒకరోజు మాల్‌లో కల్పలత ఓ కొట్టు బోర్డు పైకి చదివింది. ఆయన ఎప్పుడు తీశాడో తీశాడు, చెప్పకుండా నెట్లో పెట్టేశాడు. మర్నాడు లిఫ్టులో పక్క ఫ్లాటావిడ మూతి బిగబట్టుకుని నవ్వుతుంటే గానీ కల్పలతకి సంగతి తెలియలేదు. ఇంటికొచ్చి అడిగితే "సరదాకే కదా! నీకు సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదు," అన్నాడు. తర్వాత "జనం నిన్నే అడుగుతున్నారు, నన్ను కాదు," అన్నాడు. చివరికి "ఇల్లు గడవాలా వద్దా?" అన్నాడు. ఆ ఇల్లు అప్పటికి ఆమె జీతంతోనే గడుస్తోంది. ఆ మాట ఆమె అనలేదు. అనాల్సింది కాదూ! కానీ ఉద్యోగం లేని మగవాడి మొహం చూస్తే మన ఆడవాళ్ళకి జాలి ముందు పుడుతుంది, కోపం ఎప్పటికో గానీ రాదు.

యాదక్క అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. యాదమ్మ కల్పలత నాయనమ్మ. అది ఆయనకి తెలుసు. "అందుకే కదా, అథెంటిక్‌గా ఉంటుందనీ," అన్నాడు.

ఇందులో అన్నిటికంటే అసహ్యమేమిటో చెప్పనా? ఆ 'ఏందీ', ఆ 'గిది' కల్పలత సొంత మాటలు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు వీరయ్య కూతురామె. పుట్టి పెరిగిందంతా అక్కడే. డిగ్రీలో ఉండగా జయకృష్ణ ఆ మాట వినే వెంటపడ్డాడు. "నువ్వు 'జెర ఆగు' అంటే ప్రాణం లేచొస్తుంది కల్పా," అనేవాడు. పెళ్ళయి యాప్రాల్ ఫ్లాట్‌లో కాపురానికొచ్చిన మొదటి వారంలోనే అత్తగారు వీరరాఘవమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, ప్రేమగానే చెప్పింది. "చూడమ్మా, మా భీమవరం చుట్టాలొచ్చినప్పుడు ఆ 'సుత'లూ 'గిట్ల'లూ వద్దు. పనిమనిషి మాట్లాడినట్టుంటుంది. 'ఏంది' కాదు, 'ఏమిటి'. 'అత్తమ్మా' కాదు, 'అత్తయ్యగారూ'." జయకృష్ణ అక్కడే పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తలేదు.

కల్పలత నేర్చుకుంది. నోరు కట్టేసుకుని, మాట మాటకీ ముందు లోపల ఒకసారి దిద్దుకుని, అప్పుడు బయటికి వదిలేది. అన్నం వడ్డిస్తూ దిద్దుకునేది, కోపమొస్తే దిద్దుకునేది, పురిటినొప్పుల్లో కూడా "అమ్మా" తర్వాత ఏమనాలో ఒక్క క్షణం ఆలోచించుకుంది. ఎవరైనా నమ్ముతారా? తల్లి లచ్చమ్మతో ఫోన్లో మాట్లాడాలంటే ఆరేసిన బట్టలు తెచ్చే నెపంతో డాబా మీదికి పోయేది. అక్కడ మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టు తన మాట మాట్లాడుకునేది. ఇప్పుడేమో అదే మాటని కెమెరా ముందు తెమ్మంటున్నారు. ఇంట్లో అది మైల, ఫోన్లో అది సరుకు. వీడియో అయిపోయాక అలవాటుగా ఓ 'గిట్ల' జారిందా, "షూటింగ్ అయిపోయిందమ్మా," అని అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంటుంది.

ఇంతకీ జయకృష్ణ చేసేది పలకడమొక్కటే. ఏ పేరు చెయ్యాలో వెతకడం, వాళ్ళు వీళ్ళు ఎలా అంటున్నారో విని రాసివ్వడం, తీసినదాన్ని కత్తిరించడం, కింద అక్షరాలు వెయ్యడం, నెట్లో పెట్టడం, వచ్చిన వెయ్యి కామెంట్లకి 'థాంక్యూ ఫ్రెండ్' అని జవాబివ్వడం అన్నీ కల్పలత పనే. క్లినిక్‌లో మధ్యాహ్నం అన్నం గిన్నె పక్కన పెట్టుకుని చేస్తుంది. తన మొహాన్ని తనే కత్తిరించి, తన గొంతు ఎక్కడ ఎక్కువ ఎబ్బెట్టుగా ఉందో వెతికి, అది మాత్రం ఉంచి, మిగతాది తీసేస్తుంది. ఒక్కోసారి ఒక్క ముద్ద తినేసరికే గిన్నె మూత పెట్టేసేది.

అలా వెతుకుతూ వింటుంటేనే ఆమెకి ఒళ్ళు మండడం మొదలైంది. అ-డీ-డస్ అని అమెరికావాడు అంటాడు, బాగానే ఉంది. ఆ బూట్లు పుట్టిన జర్మనీలో దాన్ని ఆదిదాస్ అంటారట, మొదటి అక్షరం ఒత్తి. మరి అమెరికావాడిది తప్పు కాదా? ఆ స్వీడన్ కుర్చీల కొట్టుని వాళ్ళు ఇకేయా అనుకుంటే, ఇంగ్లీషువాళ్ళంతా ఐకీయా చేశారు. కొరియా కారు పేరు అమెరికాలో ఒకలా, లండన్‌లో ఇంకోలా, కొరియాలో మరోలా. నైకీ అని అమెరికా అంటే, లండన్‌లో సగం మంది నైక్ అనే అంటారు. వాళ్ళల్లో ఒక్కడి మొహం మీద కూడా సిగ్గు లేదు! వాళ్ళ పెళ్ళాలకి కొంగు బొడ్లో దోపి కెమెరా ముందు నిలబెట్టినవాడు ఒక్కడూ కనబడలేదు. ఎవడి నోటికెలా వస్తే అలా అని, డబ్బులిచ్చి కొనుక్కుని పోతున్నారు. వాళ్ళు మారిస్తే యాస, లచ్చమ్మ కూతురు మారిస్తే జోకు. ఛీ, అనుకుంది. ఎవరి మీదో అనుకుంది, తర్వాత ఆ వీడియోకి అక్షరాలు వేసింది.

ఈ సంగతి భర్తకి చెప్పింది కూడా. ఆయన కాలర్ ఇస్త్రీ చేసుకుంటున్నాడు. సారీ, ఆమె చేస్తోంది, ఆయన చూస్తున్నాడు.

"అదంతా కాంప్లికేటెడ్ కల్పా. జనానికి క్లారిటీ కావాలి. అమెరికావాడు ఎలా అంటే అదే రైట్. నన్ను ఆ కాల్‌సెంటర్‌లో ఓ ట్రైనరు అందరిముందు నలభైసార్లు 'వాటర్' అనిపించాడు తెలుసా? అలా నేర్చుకున్నాను నేను."

"మరి అప్పుడు మీకెట్ల అనిపించింది?"

"'ఎలా' అనిపించింది," అని దిద్దాడు.

క్లినిక్‌లో అయితే మరీ. ఒకడొచ్చాడు, పాతికేళ్ళ కుర్రాడు. పన్ను పీకడానికి ఇంజెక్షన్ ఇచ్చి బయట కూర్చోబెట్టారు. కింది పెదవి మొద్దుబారి వేలాడుతోంది, చొల్లు కారుతోంది, చేతిరుమాలుతో తుడుచుకుంటూ కల్పలత బల్ల దగ్గరికొచ్చి వేలు చూపించాడు. "మీలు... యాదక్క కదా? ఒక్కఛాలి... అనలా?" అతనికి సొంత పేరు కూడా నోరు తిరిగే స్థితి కాదు. అయినా యాదక్క నోటికి నవ్వాలి! లోపల్నుంచి డాక్టరు గారు తల బయట పెట్టి, "అనేయ్ కల్పలతా. పేషెంటు హ్యాపీగా ఉంటే నొప్పి తెలీదు," అన్నారు. కల్పలత అంది. అతను చొల్లు చిందేలా నవ్వి, వీడియో తీసుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా పోయాడు. పనిముట్లు కడిగే మార్త బల్ల తుడుస్తూ అదంతా చూసింది. "ఎందుకంటరు మేడం? నోరు మీదే గద," అంది. కల్పలత బాత్రూంలోకి పోయి నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించింది. ఆ మాటల రుచి పోలేదు.

ఇదంతా భరించింది. తనమీద పడ్డదేదైనా భరించడం వచ్చు ఆమెకి. మింగుడు పడనిది కూతురు సృజన. ఆరో క్లాసు. ఒక పొద్దున బడికి వెళ్తుంటే, "బాటిల్ పెట్టుకున్నావా?" అంటే, "బాటిల్ కాదు యాదక్కా, బాడిల్," అంది. అచ్చం వాళ్ళ నాన్న గొంతు, అచ్చం ఆ కనుబొమ్మ ఎగరేయడం. జయకృష్ణ చప్పట్లు కొట్టి హైఫైవ్ ఇచ్చాడు. వీరరాఘవమ్మ "బంగారు తల్లి, తండ్రి పోలిక," అని మెటికలు విరిచింది. ఇంకో వారానికి పేరెంట్స్ మీటింగ్ కాగితం వచ్చింది. పిల్ల జడ వేయించుకుంటూ, అద్దంలోకి చూస్తూ, "డాడీ వస్తాడులే మమ్మీ. నువ్వొస్తే అందరూ అడుగుతారు," అంది. కల్పలత చేతిలో జడ అలాగే ఉండిపోయింది. పిల్ల మీద కోపం రాలేదు. పిల్లకి నేర్పిన బడి తన హాల్లోనే ఉంది, అందులో పాఠం తనే.

ఆ రాత్రి భోజనాల దగ్గర జయకృష్ణ పెరుగు కలుపుకుంటూ, "యాదక్కకి ఓ అమ్మ ఉంటే ఎలా ఉంటుంది?" అన్నాడు.

కల్పలత గరిటె కింద పెట్టింది. "మా అమ్మ జోలికి వెళ్ళకండి."

"సరే సరే. ఊరికే అన్నాను."

"ఊరికే కూడా అనకండి. నన్నేమన్నా అనుకోండి. అమ్మ వద్దు."

"సరే అన్నానుగా, తల్లీ!"

ఆదివారం పొద్దున్నే ఆయనే కారు తీసుకుని లాలాగూడ వెళ్ళి లచ్చమ్మని తీసుకొచ్చాడు. అత్తగారిని భోజనానికి పిలుచుకొచ్చే అల్లుడు! కల్పలత తమ్ముడు ఫోన్ చేసి "బావ మంచోడక్కా," అని మురిసిపోయాడు. లచ్చమ్మ గంజి పెట్టిన నీలం చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, దువ్వి ముడేసుకుని, గిన్నె నిండా సర్వపిండి చేసుకుని వచ్చింది. వస్తూనే వంటింట్లోకి తొంగి చూసి, "అల్లుడు ఫొటో దిగుదామన్నడే. చీర మంచిగున్నదా?" అంది. మంచిగున్నదమ్మా అంది కల్పలత. కోడికూర పొయ్యి మీద ఉంది. ఫొటోయే అనుకుంది. అనుకోవాలనుకుంది.

పదకొండయింది. హాల్లోంచి నవ్వు వినబడింది. వంటింటి గుమ్మంలోకి వచ్చి చూస్తే లచ్చమ్మ సోఫా మధ్యలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన మనిషిలా సంబరంగా కూర్చుని ఉంది. ఎదురుగా స్టాండు. ఎర్ర చుక్క వెలుగుతోంది. ఇది తీసి తర్వాత పెట్టేది కాదు, లైవ్. టీవీ తెర మీద కామెంట్లు పైకి పాకుతున్నాయి. సృజన వాటిని చదువుతోంది. జయకృష్ణ ఒక్కో డబ్బా తీసి చూపిస్తున్నాడు.

"అత్తమ్మా, ఇదేంటి?" కెమెరా ముందు ఆయనకి కూడా 'అత్తమ్మా' అన్న మాట వచ్చేసింది.

"నైకు."

నవ్వు.

"ఈ కారు?"

"హుండాయి. మా ఇంటి ఎనకున్నోళ్ళకున్నది."

ఇంకా నవ్వు. వీరరాఘవమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. లచ్చమ్మ అందరి మొహాలూ చూసింది, తనూ నవ్వింది. "మంచిగ అన్ననా అల్లుడా? కాకుంటే చెప్పు, సక్కగ అంట."

"వద్దొద్దు, సక్కగా వద్దు! ఇలాగే అనాలి."

అప్పుడు లచ్చమ్మకి అర్థమైంది. కల్పలత చూస్తూనే ఉంది, తల్లి మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి మెల్లగా దిగిపోయింది. కొంగు తీసి భుజం నిండా కప్పుకుంది. లేచి పోలేదు.

"డాడీ, తాతయ్య పేరేంటో అమ్మమ్మతో చెప్పించమని అడుగుతున్నారు!" అని అరిచింది సృజన.

"అయ్యో, ఆయిన పేరు నేనెట్ల చెప్త బిడ్డా?" లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "బతికున్ననాడే అనలేదు. పాపం తగుల్తది."

వీరరాఘవమ్మ కూడా తన భర్త రామభద్రరావు గారి పేరు జన్మలో పలికిన మనిషి కాదు. 'వారు' అనే అంటుంది, రేషను కార్డువాళ్ళు అడిగినా కొడుకునే చెప్పమంటుంది. ఆవిడా నవ్వింది.

"ఇన్ని వేలమంది అడుగుతున్నారత్తమ్మా, చెప్పాల్సిందే," అన్నాడు జయకృష్ణ, ఒక బూటుని మైకులా ఆమె నోటి దగ్గర పెట్టి. "చాలా ఈజీ. వీ-ర-య్య. రిపీట్ ఆఫ్టర్ మీ!"

కల్పలత గుమ్మంలోంచే వింది. తన తండ్రి పేరు ఆ బూటు మీద, ఆ గొంతులో, ముక్కలు ముక్కలుగా. లచ్చమ్మ గుమ్మం వైపు చూసింది. కూతురు మొహం చూసింది, ఏం కనబడిందో, చెయ్యి కొద్దిగా ఎత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. "నవ్వుకోనీ బిడ్డా," అంది మెల్లగా. "నువ్వు మంచిగుంటే సాలు." కళ్ళు మూసుకుంది. చెప్పడానికి నోరు తెరిచింది.

ఇన్నేళ్ళూ తను చేసిందీ ఇదే కదా అని అప్పుడు తెలిసింది కల్పలతకి. ఇంట్లో గొడవ లేకుండా ఉంటే చాలని నోరు తెరిచి ఇచ్చేసింది. ఎవరి సుఖం కోసం ఎవరు? అమ్మ తన కోసం, తను ఈ ఇంటి కోసం, రేపు ఈ పిల్ల ఇంకెవడి కోసమో.

"చెప్పకమ్మా," అంది.

హాల్లోకి నడిచి వచ్చింది. చేతినిండా మసాలా. జయకృష్ణ మొహం వెలిగింది. "ఫ్రెండ్స్, మన యాదక్క ఎంట్రీ..."

"జయకృష్ణా," అంది కల్పలత. "కెమెరా ఆపు."

పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఆమె నోట రాలేదు. గట్టిగా అనలేదు. కాలేజీ మెట్ల మీద పిలిచినట్టే పిలిచింది, ప్రేమ ఒక్కటే తక్కువ. ఆయన బూటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఆమె తనే వెళ్ళి ఫోన్ని స్టాండు మీంచి తీసింది. తెర మీద పసుపు మరక పడింది. ఎర్ర చుక్క ఆరిపోయింది.

"మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తావా!" వీరరాఘవమ్మ లేచి నిలబడింది. "అంతమంది ముందు!"

"మా అమ్మతోని మా నాయిన పేరు చెప్పియ్యబోతే నవ్వితిరి గద అత్తమ్మా. మీ కొడుకు పేరు నేనంటే నవ్వు రాలేదా?"

సృజన టీవీ వైపు చూసి, తల్లి వైపు చూసి, చేతిలో రిమోట్ కింద పెట్టేసింది. కల్పలత ఆ పిల్లని దగ్గరికి రమ్మంది. "అమ్మమ్మకు చెయ్యి కడుక్కోను నీళ్ళియ్యి. మనం ముగ్గురం తిందాం," అంది. పిల్ల వెళ్ళింది. వెళ్తుంటే ఆ కనుబొమ్మ ఎగరలేదు.

తల్లికి తనే వడ్డించింది. పక్కన కూర్చుని తనూ పెట్టుకుంది. లచ్చమ్మ ముద్ద కలుపుతూ, "అల్లుడికి కోపమొచ్చిందేమోనే," అంది.

"రానీయమ్మా. కూరేస్కో."

జయకృష్ణ బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు, అది జేకే గొంతు కాదు. "కల్పా, మధ్యలో కట్ అయిపోయింది. జనం ఏమైందని అడుగుతున్నారు. సాయంత్రం యాదక్కలా ఓ చిన్న వీడియో చేసి పెట్టెయ్. సర్దుకుంటుంది. ఇప్పుడు ఆ ఫోన్ ఇవ్వు."

కల్పలత ఎడమచేత్తో ఆ ఫోన్లోనే ఛానెల్ తెరిచి, అట్టడుగున ఉన్న మొదటి వీడియో దాకా జరుపుకుంటూ పోయింది.

"గా మొదటిది తప్ప, గీ మూడేండ్ల నుంచి ఒక్కటన్న నువ్వు పెట్టినవా?" అంది. "తక్కినయన్నీ నా చేతుల మీద పోయినయే. ఒక్కొక్కటి తీసేస్తున్న. జెర ఆగు."